గురి నిలవదు

12 నవంబరు 2003, బుధవారం

నరసరాజుగారి రైఫిలు వచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి కారులో ఆయనే స్వయంగా తెచ్చారు. చెక్కపెట్టె మూత తీయగానే అబ్బా చేతులు ముందుకు వెళ్ళాయి. నాన్నని నేను అబ్బా అనే పిలుస్తాను. మరమ్మతుకి మా కొట్టుకి వచ్చేవన్నీ పన్నెండు బోరు తుపాకులే. బ్యాంకు కాపలావాళ్ళవి, కొల్లేటి చేపల చెరువుల వాళ్ళవి. ఇలాంటిది పదేళ్ళకి ఒకటి వస్తే గొప్ప. రాజుగారి తాతగారు ఎప్పుడో మద్రాసులో కొన్నారట.

పాయింట్ టూ టూ. గుండు చిటికెన వేలి గోరంత. దాని వెనక గుల్ల మాత్రం వేలంత పొడుగు, నిండా మందు. అంత మందు అంత సన్నటి దారిలోంచి ఒక్కసారిగా మండుతూ రావాలి. అందుకే ఆ గుండుకి అంత వేగం, అందుకే ఆ బ్యారెలుకి అంత తక్కువ ఆయుష్షు. పన్నెండు బోరు మూడు తరాలు పేల్చినా చెక్కుచెదరదు. ఇది రెండు వేల తూటాలు పేల్చేసరికి గొంతు దగ్గర, అంటే తూటా కూర్చునే చోటు దాటగానే, కాలిపోతుంది.

అబ్బా బోల్టు తీసి, బ్యారెలు వీధి వెలుగు వైపు ఎత్తి చాలాసేపు చూశారు. "అద్దంలా ఉందండీ రాజుగారూ" అన్నారు.

ఆయన వెళ్ళాక నేను చిన్న బల్బు, లెన్సు పెట్టి చూశాను. గొంతు దగ్గర బొటనవేలంత మేర, గుండుని తిప్పుతూ పంపే మెలిక గాడులు చెరిగిపోయాయి. ఇనుము మీద నెర్రెలు, ఎండిన చెరువు అడుగులా. అక్కడి నుంచి మూతి దాకా మాత్రం గాడులు పదునుగా ఉన్నాయి.

రిజిస్టరులో రాశాను: "శుభ్రం చేయడమైనది. బ్యారెల్ గొంతు అరిగింది." చదివి వినిపించాను. అబ్బా తల ఊపారు. "అవును, కొంచెం అరిగింది. ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని అనలేదు." నేను వేలు పెట్టిన చోట సంతకం చేశారు.

నాలుగేళ్ళుగా ఇంతే. చూసేది నేను, సంతకం ఆయనది. లైసెన్సు కూడా ఆయనదే. అబ్బా కంటి జబ్బు ఆపరేషనుతో పోయేది కాదని డాక్టరు నాకు విడిగా చెప్పారు. ఆ సంగతి ఇంట్లో మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

16 నవంబరు, ఆదివారం

గురి సరిచూడాలని రాజుగారు కొల్లేరు తీసుకెళ్ళారు. చెరువు గట్టు మీద ఎండ. అబ్బా రోజాతో, రంజాను ఉపవాసంతోనే ఉన్నారు, నేనూ అంతే. వంద గజాల దూరంలో పలకకి కాగితం అంటించారు. రాజుగారు ఐదు తూటాలు కాల్చారు. ఆ చప్పుడు పెద్ద తుపాకీలా బరువుగా ఉండదు, చెవిలో సూది గుచ్చినట్టు ఉంటుంది. చెట్ల మీది గూడబాతులన్నీ ఒక్కసారి లేచాయి.

కాగితం తెచ్చి చూశాను. ఐదు చిల్లులూ అన్నం పళ్ళెమంత చోటులో పడ్డాయి. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. గుండు అడ్డం తిరిగి పడిన జాడ ఒక్కటీ లేదు. కొత్తలో ఐదూ ఒకే కన్నంలో పడేవట. ఇప్పటికి ఇది నయమే.

"చాలండి, ఇంకేం కావాలి" అన్నారు రాజుగారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"పిట్టల్ని కొట్టకండి రాజుగారూ, కేసవుతుంది" అన్నారు అబ్బా.

"భయపెట్టడానికేనండి బాషాగారూ."

అవతలి నీళ్ళలో తాటిదోనె మీద ఒకాయన వల సర్దుకుంటున్నాడు. జోగారావట. రాజుగారు గట్టు వేసుకున్న చోట తన తాతల కాలం నుంచి వల వేస్తున్నామని ఆయన కోర్టుకి కూడా వెళ్ళాడట. ఒడ్డుకి వచ్చి అబ్బాకి నమస్కారం పెట్టాడు. నా చేతిలో లెన్సు చూసి, "మీరు కూడా పేలుస్తారాండి?" అని అడిగాడు.

"లేదండి. లోపల చూడటం వరకే."

"లోపల ఏముంటదండి చూట్టానికి?"

"చీకటండి. కాస్త మెలిక."

నవ్వాడు. పై వరసలో ఒక పన్ను లేదు.

26 నవంబరు, బుధవారం

పండగ. అబ్బా కొత్త కళ్ళజోడు కావాలన్నారు. బజారుకి తీసుకెళ్ళి చేయించాను. పెట్టుకుని, "ఇప్పుడు బాగుంది" అన్నారు.

8 డిసెంబరు, సోమవారం

జోగారావు చనిపోయాడు. నిన్న పొద్దున. గుండు ఛాతీలో తగిలింది.

రాజుగారు పిట్టల మీద కాల్చానంటున్నారట. బ్యారెలు అరిగిపోయి గుండు పక్కకి పోయిందంటున్నారట. పిట్టల చెట్లు గట్టుకి ఎడమ పక్కన. దోనె ఉన్నది కుడి పక్కన. ఆ చోటు నేను చూశాను.

రైఫిలు పోలీసులు పట్టుకెళ్ళారు.

అబ్బా పేపరు చదవమన్నారు. చదివాను. కుడి పక్క, ఎడమ పక్క అన్న మాటలు వదిలేసి చదివాను. ఎందుకు వదిలేశానో తెలియదు.

11 డిసెంబరు, గురువారం

రాజుగారి మేనేజరు దేవదానం వచ్చాడు. వెంట ప్లీడరుగారు. అబ్బా సాయంత్రం అసర్ నమాజుకి మసీదులో ఉన్నారు. అది చూసుకునే వచ్చినట్టున్నారు.

ప్లీడరుగారు చాలా మర్యాదగా మాట్లాడారు. రిజిస్టరు చూపించమన్నారు. చదివి, "గొంతు అరిగిందని రాశారు, బాగుందమ్మా. మరి గురి సంగతి రాయలేదే?" అన్నారు.

"గురి బాగానే ఉందండి. పళ్ళెమంత చోటులో పడ్డాయి ఐదూ."

"అది ఎక్కడైనా రాసుందా అమ్మా?"

"లేదండి."

"అయితే అది లేనట్టే. అరిగిన బ్యారెలుకి గురి నిలుస్తుందంటావా, నిలవదంటావా? మాటవరసకే."

"కొత్తదానికి నిలిచినట్టు నిలవదండి."

"అదే రాయి తల్లీ. నీకు తెలిసిన నిజమే రాయి. సంతకం పైన ఒక వరస ఖాళీ ఉంది."

నేను రిజిస్టరు మూశాను. అప్పుడు దేవదానం నా లెన్సు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "గట్టు మీద ఆ రోజు అందరూ చూశారండి, కాగితం చూసింది మీరే. బాషాగారు ఆకాశం వైపు చూస్తున్నారు. ఆయన కళ్ళ సంగతి కలెక్టరేటులో తెలిస్తే లైసెన్సు ఉంచరండి. అందరి ముందూ నిలబెట్టి పరీక్ష చేస్తారు. పెద్దాయన, ఆ అవమానం ఎందుకండి?"

లెన్సు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

12 డిసెంబరు, శుక్రవారం

అబ్బా జుమ్మాకి వెళ్ళారు. రిజిస్టరు పని పూర్తి చేశాను.

రాసింది అబద్ధం కాదు. గొంతు అరిగితే గురి నిలవదు. ఎవరిని అడిగినా అదే చెబుతారు.

13 డిసెంబరు, శనివారం

ఎస్సై క్రీస్తుదాసుగారు వచ్చి రిజిస్టరు తీసుకుని రసీదు ఇచ్చారు. నిలబడే ఆ పేజీ చదివారు.

"ఇది మీరే రాశారాండి?" అని అబ్బాని అడిగారు.

"మా రిజిస్టరులో నేను కాక ఎవరు రాస్తారండి" అన్నారు అబ్బా. కొంచెం కోపంగానే అన్నారు.

ఎస్సైగారు గుమ్మం దాకా వెళ్ళి నా వైపు తిరిగారు. "గుండు అంత పక్కకి పోతుందామ్మా? మీరు పక్కనే ఉండి చూస్తుంటారు కదా."

"చెప్పలేమండి" అన్నాను.

ఆయన ఇంకాసేపు నిలబడ్డారు. నేను నూనె గుడ్డ మడత పెడుతూ ఉన్నాను.

22 డిసెంబరు, సోమవారం

మధ్యాహ్నం ఒకావిడ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "బాషాగారి తుపాకుల కొట్టు ఇదేనాండి?" అంది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. చెప్పులు మాత్రం విడిచింది.

జోగారావు భార్య, నాంచారమ్మ. వెంట కూతురు సత్యశ్రీ. పదో తరగతట. రెండు బస్సులు మారి వచ్చారు.

"ఎస్సైగారు చెప్పారండి, కేసంతా ఆ గొట్టం మీదే ఉందని. కావాలని కొట్టాడా, పొరపాటున తగిలిందా అన్నది అది చెప్పుద్దంట. అందుకని వచ్చానండి. మాకు తుపాకీ సంగతులు తెలవ్వు. అరిగిపోయిన తుపాకీ అయితే గుండు అంత పక్కకి పోద్దాండి?"

లోపల అబ్బా ఉన్నారు. వింటున్నారు. వైజులో బిగించిన ఇనుము మీద ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.

"చెప్పలేమండి" అన్నాను.

"నీళ్ళకి తగిలి ఎగిరిందని కూడా అంటున్నారండి."

ఆ గుండు నీళ్ళకి తగిలితే ఎగరదు, పొడిపొడి అయిపోతుంది. అంత పలచన, అంత వేగం. ఈ సంగతి నాకు పన్నెండేళ్ళ వయసులో అబ్బానే చెప్పారు.

"చెప్పలేమండి."

ఆ పిల్ల నా ముఖం వైపే చూసింది. నాంచారమ్మ, "పర్లేదండి, మీకు తెలవకపోతే ఏం చేస్తారు" అంది. మంచినీళ్ళు ఇస్తే తాగింది. గ్లాసు కడిగి ఇచ్చింది.

వాళ్ళు వెళ్ళాక అబ్బా అడిగారు: "నీకు తెలుసుగా, ఎందుకు చెప్పలేదు?"

"కోర్టు వ్యవహారం అబ్బా. మనకెందుకు?"

ఆకురాయి మళ్ళీ మొదలుపెట్టారు.

3 జనవరి 2004

రాసింది అబద్ధం కాదు.

19 జనవరి

అబద్ధం కాదు. పళ్ళెమంత చెదిరినా చెదిరినట్టేగా.

4 జులై 2005, సోమవారం

ఏడాదిన్నర రాయలేదు. రాయడానికి ఏమీ లేకపోయింది. కొట్టు నడుస్తోంది. జంగారెడ్డిగూడెం వైపు నుంచి రెండు కొత్త లైసెన్సుల వాళ్ళు వస్తున్నారు.

ఇవాళ అబ్బాకి సమన్లు వచ్చాయి. పన్నెండో తారీకు. హైదరాబాదు ఫోరెన్సిక్ ల్యాబు నుంచి వచ్చిన రిపోర్టులో కూడా గొంతు అరిగిందనే ఉందట. ఆ రకం తూటాలు దొరకలేదు గనక పేల్చి చూడలేదట. ఇక మిగిలింది మా రిజిస్టరే.

అబ్బా ఇస్త్రీ బట్టలు తీయమన్నారు. "ఏం రాశామో ఒకసారి చెప్పు" అన్నారు. రిజిస్టరు కోర్టులో ఉంది.

"శుభ్రం చేయడమైనది. బ్యారెల్ గొంతు అరిగింది" అని చెప్పాను.

మిగతాది చెప్పలేదు. రేపు చెబుతాను.

11 జులై, సోమవారం

చెప్పలేదు.

12 జులై, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అబ్బాని బోనులోకి చెయ్యి పట్టుకుని ఎక్కించబోతే వద్దన్నారు. మెట్టు కాలితో తడుముకుని ఎక్కారు. నాంచారమ్మ, సత్యశ్రీ వెనక బెంచీ మీద కూర్చున్నారు. నరసరాజుగారు తెల్లచొక్కాలో, చేతులు కట్టుకుని.

ప్రభుత్వ ప్లీడరుగారు రిజిస్టరు అందించి, "ఇది మీదేనాండి?" అన్నారు.

అబ్బా అట్ట తడిమి చూశారు. "మాదేనండి."

"నవంబరు పన్నెండున ఏం రాశారో చదివి వినిపించండి."

అబ్బా కళ్ళజోడు సర్దుకున్నారు. పేజీ ముఖానికి దగ్గరగా పట్టుకున్నారు. స్పష్టంగా, ఆగకుండా చెప్పారు: "శుభ్రం చేయడమైనది. బ్యారెల్ గొంతు అరిగింది."

"తర్వాత?"

"అంతేనండి."

"ఇంకో వాక్యం ఉందండి. అది కూడా చదవండి."

అబ్బా పేజీ వంక చూస్తూ ఉండిపోయారు. రాజుగారి ప్లీడరుగారు లేచి ఏదో అడ్డు చెప్పబోయారు. జడ్జిగారు ఆయన్ని కూర్చోమన్నారు. "పెద్దాయనా, కనబడటం లేదా మీకు?" అని మెల్లగా అడిగారు.

అబ్బా తల తిప్పారు. నేను కూర్చున్న వైపు కాదు, ఇంకో వైపు. నన్ను వెతుకుతున్నారని నాకు అర్థమైంది.

"ఇంకో మాట ఉందాండి?" అన్నారు.

"ఉంది. గురి నిలవదు అని ఉంది."

అబ్బా రిజిస్టరు మూసి, రెండు చేతులతో పట్టుకుని అన్నారు: "నేనే రాశానండి. వయసు మీద పడింది, మర్చిపోయాను."

కళ్ళ సంగతి తప్పిస్తే, అబ్బా నా ఎరుకలో ఆడిన మొదటి అబద్ధం అది. అల్లా మీద ప్రమాణం చేసి ఆడారు. నా కోసం.

ఆటోలో ఇంటికి వచ్చాం. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు.

13 జులై, బుధవారం

పొద్దున్న టీ ఇస్తుంటే అడిగారు.

"నా కళ్ళు పోయాయని నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆరేళ్ళవుతోంది."

"నాకూ అప్పట్నుంచే తెలుసమ్మా."

నేను అక్కడే కింద కూర్చున్నాను. దేవదానం మాటలు, ఖాళీ వరస, జుమ్మా రోజు, అన్నీ చెప్పాను. అవమానం అవుతుందని భయపడ్డానని చెప్పాను.

"నాకు అవమానమని వాళ్ళు చెప్పారు, నువ్వు నమ్మావు. నన్ను ఒక్క మాట అడగలేకపోయావా?" అన్నారు. గొంతు పెంచలేదు. "నువ్వు అత్తారిల్లు వదిలి వచ్చిన రోజున నాకు అవమానమా అని అడిగావు. గుర్తుందా? నేనేమన్నాను?"

గుర్తుంది. కాదమ్మా, రా, అన్నారు.

కాసేపటికి, "కాగితం మీద ఎంత మేర పడ్డాయి?" అని అడిగారు.

"పళ్ళెమంత."

"నాకు చెప్పనే లేదు."

"మీరు చూశారనుకోవాలని."

ఆయన బీరువా తెరిచి, తడుముకుని, లైసెన్సు కాగితాలు తీసి నా ఒళ్ళో పెట్టారు. "ముందు ఇవి కలెక్టరేటులో ఇచ్చెయ్యి. తర్వాత ఆ ప్రభుత్వ ప్లీడరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను."

5 ఆగస్టు, శుక్రవారం

బోనులో నేను. జడ్జిగారు మళ్ళీ విచారణకు ఒప్పుకున్నారు.

అన్నీ చెప్పాను. గొంతు ఎంత మేర అరిగిందో, మూతి దగ్గర గాడులు ఎలా ఉన్నాయో, వంద గజాలకి ఐదు గుండ్లు ఎంత చోటులో పడ్డాయో. దోనె ఎనభై గజాల్లో ఉంది. పిట్టల చెట్టుకీ దోనెకీ మధ్య ఒక ఇల్లు పట్టేంత ఎడం. ఆ బ్యారెలుకి గుండు జానెడు పక్కకి పోతుంది గానీ అంత పోదని చెప్పాను. చివరి వాక్యం నేను నెల తర్వాత చేర్చానని చెప్పాను.

తర్వాత రాజుగారి ప్లీడరుగారు లేచారు.

"రిజిస్టరు దిద్దింది మీరేనా అమ్మా?"

"అవునండి."

"నేనూ దేవదానమూ చెప్పి దిద్దించామంటున్నారు. ఎవరైనా విన్నారా?"

"ఎవరూ లేరండి."

"పోలీసులు అడిగితే చెప్పలేమన్నారు. చనిపోయినాయన భార్య వచ్చి అడిగితే కూడా చెప్పలేమన్నారు. ఇప్పుడు చెప్పగలుగుతున్నారు. ఆ కాగితం ఏదండీ?"

"రాజుగారు జేబులో పెట్టుకున్నారండి."

"మీకు లైసెన్సు ఉందా?"

"లేదండి."

"ఏం చదివారు?"

"ఇంటరండి."

ఆయన జడ్జిగారి వైపు తిరిగి చేతులు చాపారు, అంతే. ఇంకేమీ అనక్కర్లేకపోయింది.

దిగుతూ వెనక బెంచీ వైపు చూశాను. నాంచారమ్మ తల దించుకుని ఉంది. సత్యశ్రీ మాత్రం చూస్తోంది, ఆ రోజు చూసినట్టే.

2 సెప్టెంబరు, శుక్రవారం

తీర్పు. దిద్దిన రిజిస్టరుని లెక్కలోకి తీసుకోలేదు. దిద్దిన మనిషి సాక్ష్యాన్నీ తీసుకోలేదు. బ్యారెలు అరిగిందన్న రిపోర్టు ఒక్కటే మిగిలింది. కావాలని చంపినట్టు రుజువు కాలేదు. నిర్లక్ష్యం, రెండేళ్ళు. అప్పీలుకి వెళ్తారట. సాయంత్రానికి బెయిలు మీద రాజుగారు తాడేపల్లిగూడెం వెళ్ళిపోయారు.

నా మీద వేరే కేసు పెడతారని క్రీస్తుదాసుగారు చెప్పారు. పెట్టమన్నాను. "మొదటి రోజే చెప్పుంటే ఎంత బాగుండేదమ్మా" అన్నారు. తిట్టినట్టు కాదు. అందుకే ఎక్కువ బాధేసింది.

రోజంతా ఒకటే తిరుగుతోంది బుర్రలో. అబద్ధం చెప్పినప్పుడు అందరూ నమ్మారు.

11 సెప్టెంబరు, ఆదివారం

కొల్లేట్లో జోగారావు వాళ్ళ లంకకి వెళ్ళాను. అబ్బాకి చెప్పే వెళ్ళాను. తనూ వస్తానన్నారు గానీ, దోనె ఎక్కలేరని ఒప్పించాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. నాంచారమ్మ గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. నన్ను చూసి లేచింది. నులకమంచం వాల్చింది. సత్యశ్రీ లోపలి గుమ్మం దగ్గర నిలబడింది. ఇప్పుడు భీమవరంలో ఇంటరు చదువుతోందట.

ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. అవేవీ గుర్తు రాలేదు.

"మీరు ఆ రోజు కొట్టుకి వచ్చి అడిగారు కదండీ, గుండు అంత పక్కకి పోతుందా అని."

"అడిగానండి."

"పోదండి. తుపాకీ తప్పు లేదు. అది ఎటు చూపిస్తే అటే కొట్టింది. ఆ రోజే నాకు తెలుసు."

నాంచారమ్మ చేతిలో దారం అలాగే ఉండిపోయింది. ఏడవలేదు. కూతురి వైపు చూసింది. ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"మా ఆయన తలకాయ వంచుకుని వల తీస్తన్నాడేమో, చూసుకోలేదేమో అనుకునేదాన్నండి" అంది నాంచారమ్మ. "పక్కకి జరిగుంటే తప్పిపోయేది కదా అని. ఏడాదిన్నర పైన అదే అనుకున్నాను. ఆయన మీద కోపం కూడా వచ్చేదండి."

క్షమించమని అడగడానికి వెళ్ళాను. అడగలేదు. అడిగితే ఆమె మర్యాద కొద్దీ పర్లేదండి అంటుంది. ఆ మాట ఆమె చేత ఇంకోసారి అనిపించకూడదనుకున్నాను.

ఆమె మళ్ళీ అల్లిక మొదలుపెట్టింది. నాలుగు వరసలు అయ్యేదాకా కూర్చున్నాను. లేస్తే, "పడవ వెళ్ళిపోయుంటదండి ఈపాటికి. రండి" అని తనే తాటిదోనె తీసింది.

నీళ్ళ మీద గుర్రపుడెక్క కమ్ముకుని ఉంది. గెడతో దాన్ని పక్కకి నెడుతూ, ఆగుతూ, మళ్ళీ నెడుతూ ఒడ్డుకి చేర్చింది. నేను లేచి నిలబడ్డాను. దోనె ఊగింది.

"చూసుకుని దిగండి," అంది నాంచారమ్మ. "అడుగున బురద."